నీళ్ళగుంట దగ్గర పన్నెండు సూచనలు

“తాడు ఇవతలికి రామ్మా” అన్నాడు విజిల్ మాస్టారు.

“రాను” అంది దాణా అత్త.

గుర్రాల పోటీ మొత్తంలో అన్నిటికంటే కష్టమైన చోటు ఆ నీళ్ళగుంట. గుర్రం దుంగ మీంచి ఎగిరి నీళ్ళలో దూకాలి, అవతలి గట్టెక్కాలి. ఆ గట్టు పక్కనే అత్త బక్కెట్టు బోర్లించి, సింహాసనం ఎక్కినట్టు దాని మీద కూర్చుంది.

మాస్టారికి ఒళ్ళు మండింది. జనం గుర్రాల దారి దాటేది మైదానం మొత్తమ్మీద ఇక్కడొక్కచోటే. గుర్రం వస్తోందనగానే ఆయన విజిల్ ఊదాలి, జనం పక్కకు తప్పుకోవాలి. ఆయన ఊదితే రెండు వీధుల అవతల బస్సులు కూడా ఆగిపోతాయని చెప్పుకుంటారు. ఆయన ఎప్పుడూ కాదనలేదు.

విజిల్ పళ్ళ మధ్య బిగించి ఏదో అన్నాడు.

“అది నోట్లో పెట్టుకుని మాట్లాడితే నాకేం అర్థమవుతుంది మాస్టారూ? తీసి చెప్పండి.”

తీశాడు. “చూడవచ్చినవాళ్ళకి పన్నెండు సూచనలున్నాయి. మూడోది, తాడు దాటకూడదు.”

“తాడు నేను దాటలేదు. నేనొచ్చి కూర్చున్నాక మీవాళ్ళు కట్టారు. తాడే నన్ను దాటింది.”

తాడు అవతల నలుగురు నవ్వారు. దారి దాటబోతున్న పిల్లల తల్లి ఒకామె కూడా ఆగి ఇటు వచ్చింది.

“చూడమ్మా, ఇప్పుడొచ్చేది చివరి గుర్రం. నిన్నిక్కడ చూసి బెదిరితే ఎవరిది పూచీ?”

“అది మా మొండోడు. ఎక్కింది మా మేనకోడలు. వాడు తాటిచెట్టంత అడ్డం పెట్టినా దూకుతాడు. ఇక్కడికొచ్చి మాత్రం మేకు కొట్టినట్టు ఆగిపోతాడు. రెండేళ్ళూ ఇదే వరస. ఈసారీ ఆగితే సాయంత్రానికల్లా అమ్మేస్తానన్నాడు ఓనరు. తొమ్మిదేళ్ళు నా చేత్తో దాణా పెట్టాను వాడికి. నేను కదలను.”

“నీళ్ళంటే భయమేమో.”

“వాడికా? వాన పడితే షెడ్డులోకి లాక్కురావడానికి ముగ్గురం కావాలి. ఒకసారి ముగ్గురమూ తడిసి జలుబు తెచ్చుకున్నాం, వాడికి తుమ్ము కూడా రాలేదు.”

మైకులో చివరి నంబరు పిలిచారు. మొండోడు బయలుదేరాడు. మాస్టారు గబగబా విజిల్ పెదాల దాకా తెచ్చాడు. అంతలో అత్త టపీమని గొడుగు తెరిచింది.

“అయ్యో, ఐదో సూచన. గుర్రాల దగ్గర గొడుగు తెరవకూడదు.”

“ఎక్కడుంది? చూపించండి.”

మాస్టారు విజిల్ వదిలేసి జేబులో కాగితం తీశాడు. ఇంకో జేబులో కళ్ళజోడు తీశాడు. “ఇదిగో.”

“నాకు చదువు రాదు. పైకి చదవండి. మొదటి నుంచి.”

“మొదటి నుంచి ఎందుకమ్మా?”

“నాకు వర్తించేవి ఎన్నో లెక్క తేలాలిగా. అన్నీ కలిపే తప్పు చేస్తాను.”

జనం విరగబడి నవ్వారు. గుర్రాలు ఎక్కడైనా ఉంటాయి గానీ ఇలాంటి తగువు ఎక్కడ దొరుకుతుంది? దారికి అటూ ఇటూ తిరుగుతున్నవాళ్ళంతా వచ్చి తాడు వెనక బారులు తీరారు. దారి మీద నరమానవుడు లేడు.

“నేను పై ఆఫీసుకు చెబుతాను” అన్నాడు మాస్టారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

“చెప్పండి. పోయిన వారం నేనూ వెళ్ళాను. ఒక్క సూచన మార్చండి, ఒక్క గుర్రం కోసం అని బతిమాలాను. అచ్చయిపోయాయి, ఇక మారవన్నారు. కాగితం మారకపోతే మానె, మనిషినైతే నేనున్నాను.”

“నీ ఒక్కదాని కోసం తాడు సూచన తీసేయాలా?”

“తాడు ఊసు నేనెత్తానా?”

నేల దడదడలాడింది. అత్త చటుక్కున గొడుగు ముడిచి ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారు తల తిప్పేసరికి మొండోడు దుంగ మీద గాల్లో ఉన్నాడు. నీళ్ళు చెట్టెత్తున లేచాయి. మాస్టారి కళ్ళజోడూ కాగితమూ పన్నెండు సూచనలూ తడిసి ముద్దయ్యాయి. నీళ్ళు కారుతుండగా మొండోడు గట్టెక్కి, అత్త పక్క నుంచే దూసుకుపోయాడు. కాసేపటికి మైకు అరిచింది, ఎక్కడా ఆగకుండా గీత దాటాడని.

జనం చప్పట్లు కొట్టారు. మాస్టారు మాత్రం తన మెడలో వేలాడుతున్న విజిల్ వంక చూసుకున్నాడు.

“నీ మూలంగా నేను విజిలే ఊదలేదు. తెలుసా?”

“తెలుసు” అంది అత్త.

లేచి నిలబడింది. బక్కెట్టు తిరగేసి, సంచిలోని దాణా అందులో పోసింది. సంచి అడుగు నుంచి ఒక విజిల్ తీసి గట్టిగా ఊదింది. అచ్చం మాస్టారి విజిల్ మోతే.

గీత అవతల మొండోడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. మేనకోడలు “అత్తా, ఆపు” అని కళ్ళెం లాగుతున్నా వినకుండా పరుగున వచ్చి, మేకు కొట్టినట్టు ఆగి, బక్కెట్లో మూతి పెట్టాడు.

“తొమ్మిదేళ్ళుగా మూడు పూటలా నేను దీంతోనే పిలుస్తాను” అంది అత్త, వాడి మెడ నిమురుతూ. “రెండేళ్ళుగా మీరూ పిలుస్తున్నారు మాస్టారూ, వట్టి చేతులతో.”