గేటు ముందు బద్లీలు

కార్ఖానా గేటు దాటబోయి గంగారాం గోడ పట్టుకున్నాడు. కళ్లకు చీకట్లు కమ్మాయి.

"ఏంది తమ్మీ, తల తిరుగుతుందా?"

అడిగింది మొండయ్య. గేటు ముందు బద్లీల వరుసలో చివర నిలబడే మనిషి. ఎండైనా వానైనా ఎడమ చెయ్యి మీద తువ్వాల కప్పుకొనే ఉంటాడు.

ఎవరైనా పనికి రాకపోతే వాళ్ల సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆ పూటకు నడిపేవాడే బద్లీ. ఒకరు మంచం పడితేనే ఇంకొకరికి కూలి. అందుకే ఆ గేటు ముందు ఎవరూ దగ్గను కూడా దగ్గరు.

"ఏం లేదు," అన్నాడు గంగారాం.

"మొఖం ఎర్రగయింది. బీపీ చూపిచ్చుకున్నవా?"

"బీపీ సేట్లకొస్తది. మనకెందుకు?"

"మనకే ముందొస్తది. ఉప్పు తగ్గియ్యి, చాయ్ తగ్గియ్యి. జరసేపు కూసొని నిమ్మలంగ ఊపిరి తీస్కో. ఇయ్యాల ఇంటికి పోయి పండుకో."

గంగారాంకు చిర్రెత్తింది. కడోదరాలో పాత పని వదిలి ఇక్కడికొచ్చి నెలే. పన్నెండు సాంచాలు దొరకడానికి ఎంత తిరిగాడో అతనికే తెలుసు.

"నేను పండుకుంటే నా సాంచాలు నువ్వు నడుపుతవా, కాకా?"

వరుసలో కొత్తవాళ్లు నవ్వారు. పాతవాళ్లు నవ్వలేదు.

మొండయ్య తువ్వాల సర్దుకున్నాడు.

ఆ సంగతి గంగారాం ఇంట్లో భార్యకు చెప్పాడు.

"ఆయన చెప్పిందాంట్ల తప్పేముంది? ఒక్కపూట పోయి చూపిచ్చుకోరాదా?" అంది వినోద.

"ఒక్కపూట పోతే సాంచాలే పోతయి."

ఆ రోజు కావాలనే ఇంకో ముద్ద మామిడికాయ తొక్కు కలుపుకొని తిన్నాడు.

మర్నాడు మొండయ్య మళ్లీ అడ్డం వచ్చాడు.

"సర్కారు దవాఖానకు నేనే తోలుకపోత, రా తమ్మీ. పైసలు తీస్కోరు."

"తోలుకపోయి, ఆడ నన్ను పండవెట్టి, ఈడికి ఉరికొస్తవు. నాకు తెల్వదా నీ ఉపాయం."

మొండయ్య పక్కకు జరిగాడు.

ఆ మధ్యాహ్నమే తెగిన పోగు ముడేస్తుంటే గంగారాం ఎడమ చెయ్యి మాట వినలేదు. మూతి వంకర పోయింది. సాంచాల నడుమ కూలిపోయాడు.

మూడు నెలలకు, వినోద భుజం పట్టుకొని, కాలీడ్చుకుంటూ కార్ఖానాకు వచ్చాడు. మళ్లీ సాంచాలు అడుగుదామని.

అతని సాంచాల దగ్గర ఎవరో కుర్రవాడు ఉన్నాడు. మొండయ్య కాదు.

"మొండయ్య ఏడి?" గంగారాం మాట ముద్దగా వచ్చింది.

"పోయిండు," అన్నాడు సాంచాలు పంచే మాస్టర్ పరమేశ్వర్. "దసరా ముందల పచ్చవాతం మళ్లీ కొట్టింది."

"మళ్లీనా?" అంది వినోద.

గంగారాంకు అర్థం కాలేదు. "నా సాంచాలు కావాలని గదా... నిలబడ్డది?"

పరమేశ్వర్ అతని చేతివైపు చూడకుండా అన్నాడు. "ఎడమ చెయ్యి పడిపోయినోనికి సాంచాలు ఎవడిస్తడు? ఆరేండ్ల కింద గీ పన్నెండు సాంచాలు ఆయనయే, గీడనే పడ్డడు, అప్పటిసంది మీ మొఖాలు ఎర్రగయినయేమో చూసిపోనీకే రోజూ గేటు కాడికి వచ్చేటోడు."