డానియేలు మనవి

ఆటో నయాపూల్ దాటినా డానియేలు కళ్లు తెరవలేదు. పెదవులు కదులుతూనే ఉన్నాయి.

"తాతా, కోర్టొచ్చింది. దిగు," అంది మనవరాలు వీణ.

"ఆమేన్," అని దిగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా సర్దుకున్నాడు. కోర్టు ఉన్న రోజున ఆయన తప్పకుండా గడ్డం గీయించుకుంటాడు, బూట్లకు పాలిష్ పెడతాడు. చేతిలో పెద్ద టిఫిన్ గిన్నె.

"ఒక్కనికి గంత కూరేంది తాతా?"

"మీ నాయినమ్మకు తక్కువ వండుడు రాదు."

నవ్వాడు. ఇవాళ తీర్పు రావచ్చని వకీలు జగదీశ్వర్ రాత్రే ఫోన్ చేశాడు. పొద్దుటి నుంచి డానియేలు మంచినీళ్లు కూడా ముట్టలేదు.

కేసు పెట్టింది తమ్ముడు కృపాకర్. అఫ్జల్‌గంజ్‌లో తండ్రి వదిలిపోయిన చిన్న దుకాణం గురించి. అప్పుడే అన్న ఉండే మాదన్నపేట విడిచి, ఊరికి అవతలెక్కడికో కాపురం మార్చాడు. చర్చి కూడా మార్చాడు. "కేసు తేలినంక మా అన్న మొఖం సూడ," అని బస్తీ అంతా వినేలా చెప్పి మరీ పోయాడు. అప్పటికి వీణ పాలు తాగే పిల్ల. ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. కేసు మాత్రం అక్కడే ఉంది.

ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో డానియేలు లేచి, "మా కోర్టు పని గురించి ప్రార్థన చెయ్యుండ్రి," అంటాడు. అందరూ ఆయన గెలుపు కోసం ప్రార్థిస్తారు. మొన్న ప్రార్థనకొచ్చే స్వరూప ఆటపట్టించింది.

"అన్నా, నీ మనవి దేవునికి కంఠతా వచ్చి ఉంటది. ఇగ ఇడిసిపెట్టరాదు?"

"నేనైతే ఆప చెల్లే. ఆయన బేజారైతే ఆయనిష్టం."

కోర్టు వరండాలో బెంచీకి ఒక చివర కృపాకర్ కూర్చుని ఉన్నాడు. మొదట్లో మెట్ల కిందే నిలబడేవాడు. డానియేలు రెండో చివర కూర్చుని, గిన్నె మూత తీసి మధ్యలో పెట్టాడు. రొట్టెలు, మటన్ కూర. కృపాకర్ గోడవైపు చూస్తూనే ఒక రొట్టె తుంచుకున్నాడు.

"వదినెకు మోకాళ్ల నొప్పి తగ్గిందా?" గోడనే అడిగినట్టు అడిగాడు.

"నడుస్తున్నది."

"కూరల ఉప్పెక్కువైంది."

"బీపీ గిట్ల వచ్చిందారా?"

"షురువైంది."

"మందులు ఏసుకో మరి."

వీణ తాత చెవి దగ్గర వంగింది. "కేసేసినోనికి కూర పెడ్తవా? గంత ప్రేమ ఉంటే ఆ దుకాణం రాసియ్యరాదు? ఇయ్యాలనే లొల్లి తెగిపోతది."

"ఇయ్య."

ఎప్పుడూ మెత్తగా మాట్లాడే మనిషి గొంతు గట్టిగా పలికింది. మళ్లీ కళ్లు మూసుకున్నాడు.

కాసేపటికి జగదీశ్వర్ విసుక్కుంటూ బయటికి వచ్చాడు. "అవతలి వకీలు కాయితాలు తేలేదంట పెద్దాయనా. మల్ల తారీఖు పడ్డది. క్రిస్మస్ అయినంకనే."

డానియేలు కళ్లు తెరిచాడు. గిన్నెలో మిగిలిన రొట్టె ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాడు.

కృపాకర్ చెయ్యి తుడుచుకుని లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"అన్నా... మల్ల తారీఖుకు బోటి వండమను."

వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

డానియేలు ఛాతీ విరుచుకుని, కేసు గెలిచిన మనిషిలా మెట్లు దిగాడు. వీణకు ఒళ్లు మండింది.

"ఇన్నేండ్లు మోకాళ్లూనినవ్ తాతా. ఒక్కసారన్న ఇన్నడా నీ దేవుడు?"

"అన్నిసార్లు ఇన్నడు."

"ఏమిన్నడు? ఇయ్యాల గూడ వాయిదానే ఇచ్చె గద."

డానియేలు ఖాళీ గిన్నెకు మూత పెట్టాడు.

"నేనడిగేదే వాయిదా బిడ్డా."