రానీ... రానీ...

మిన్నెసోటాలోని ఆ సరస్సు ఒడ్డున రాత్రి బసకు దిగినవాళ్ళకు టీవీ రాదు, ఫోన్ పలకదు. అందుకని సాయంత్రం ఎవరైనా బండిని వెనక్కి నడిపి తమ చోట్లో పెట్టుకుంటుంటే, మిగతావాళ్ళకు అదే సినిమా. మడత కుర్చీలు అటు తిరుగుతాయి. బీరు డబ్బాలు తెరుచుకుంటాయి.

ఆర్లిస్‌కు ఆ సంగతి బాగా తెలుసు. ఇన్నేళ్ళూ ఆ కుర్చీల్లో కూర్చుని తనూ నవ్వినదే.

ఇవాళ సినిమా ఆమెది.

ఇరవై ఎనిమిది అడుగుల బండి. వంటిల్లు, మంచం, స్నానాలగది అన్నీ అందులోనే. వెనక రేకు మీద పసుపు రంగుతో ‘ఆర్లిస్ – వెండెల్’ అని పెద్ద అక్షరాలు. వాటి కింద, నెల కిందట పెట్రోలు బంకు స్తంభానికి గుద్దుకున్న సొట్ట. అది చూసి కూతురు క్రిస్టా పెద్ద గొడవే చేసింది.

"ఇంకొక్క గీత పడిందంటే బండి అమ్మేద్దామమ్మా. మాటివ్వు."

ఆర్లిస్ మాటిచ్చింది. ఇల్లు అమ్మమన్నా అమ్మేదేమో కానీ, ఈ బండిని అమ్మడం ఆమె వల్ల కాదు.

పద్దెనిమిదేళ్ళు ఆమె పని వెనక నిలబడి చేతులూపడమే. స్టీరింగు పట్టుకున్నది ఈ వేసవిలోనే.

చోటు ఇరుకు. ఒక పక్క పైన్ చెట్టు, ఇంకో పక్క కరెంటు స్తంభం, వెనక నీళ్ళు. మొదటిసారి చెట్టు అడ్డొచ్చింది. రెండోసారి స్తంభం. మూడోసారి అద్దంలోకి చూసేసరికి, ఎర్ర టోపీ పెట్టుకుని ఆయన చేతులూపుతున్నాడు.

"రానీ... రానీ... రానీ..."

"ఎటు రానీ?" కిటికీలోంచి తల బయటపెట్టి అరిచింది.

"ఎడమకి! ఎడమకి! అది ఎడమ కాదు మహాతల్లీ!"

"మీ ఎడమా, నా ఎడమా?"

"ఎడమలో కూడా వాటాలా!"

కుర్చీలు పగలబడి నవ్వాయి.

"అసలు చేతులూపుతున్నారా, దోమల్ని తోలుకుంటున్నారా?"

"రెండూ! ఆపు! ఆపు! చెట్టు!"

బ్రేకు తొక్కింది. లోపల గిన్నెలన్నీ గొల్లుమన్నాయి.

"కాస్త ముందు చెప్పొచ్చుగా!"

"ఇప్పుడే మొలిచిందా ఏంటి? వందేళ్ళుగా ఇక్కడే ఉంది!"

నీళ్ళ మీది బాతులు రెండు లేచి అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయాయి.

ఎదుటి చోట్లో చేపలు వేపుతున్న లవాన్ గరిటెతోనే వచ్చి భర్త డ్వేన్ పక్కన కూర్చుంది.

"నలభై ఏళ్ళ కాపురం. పందెం," అంది, అందరికీ వినబడేలా. "కొత్త జంటలు ఇంత ధైర్యంగా తిట్టుకోలేరు."

"మరి ఆవిడ చేత తోలిస్తున్నాడేం?" అన్నాడు డ్వేన్.

"చూపు ఆనట్లేదేమో. మీకూ ఆనదు. మీరు తోలడం మానరు, అంతే తేడా."

డ్వేన్ ఇంకో బీరు డబ్బా తెరిచాడు.

బండికీ స్తంభానికీ మధ్య ఇప్పుడు బెత్తెడు దూరం. ఆర్లిస్ అరచేతులు చెమర్చి స్టీరింగు జారుతోంది. కూతురి ముఖం కళ్ళ ముందు కదిలింది.

"నా వల్ల కాదు. ఈ రాత్రికి దారిలోనే పడుకుంటాను!"

"భేషుగ్గా పడుకోవచ్చు. పొద్దున్నే చెత్తబండి వచ్చి లేపుతుంది!"

ఆమెకు ఒళ్ళు మండింది. మండాక స్టీరింగు గట్టిగా పట్టుకుంది.

ఆయన గొంతు తగ్గించాడు. "స్తంభం సంగతి వదిలెయ్. నా టోపీ చూడు. టోపీ ఎటు పోతే అటు."

ఆమె టోపీనే చూసింది. టోపీ కుడికి జరిగింది. ఎడమకు జరిగింది. మెల్లగా, మెల్లగా వెనక్కి నడిచింది. ఆగింది.

బండి వీపు మీద రెండు చరుపులు వినిపించాయి.

ఆర్లిస్ దిగి చుట్టూ తిరిగి చూసింది. పాత సొట్ట తప్ప ఒక్క గీత లేదు. కుర్చీలు చప్పట్లు కొట్టాయి.

"వెండెల్ గారూ!" లవాన్ గరిటె ఊపింది. "మా ఆయనకి కూడా కాస్త నేర్పండి, పుణ్యముంటుంది!"

ఆయన పసుపు అక్షరాల వంక ఒకసారి చూసి, టోపీ ఎత్తి నవ్వాడు.

మార్చిలో అంత్యక్రియలైన నాటి నుంచీ అందరూ ఆర్లిస్‌తో గొంతు తగ్గించే మాట్లాడుతున్నారు, పగిలిపోయే వస్తువుతో మాట్లాడినట్టు. ఇంత నోరారా ఎవరూ తిట్టలేదు. ఆమె లోపలికి వెళ్ళి కాఫీ పెట్టింది. గూట్లో వెనక్కి వెళ్ళిపోయిన రెండో కప్పును వెతికి తీసి, కడిగింది.

బయటికి వచ్చేసరికి ఆయన చక్రాల కింద చెక్కలు పెట్టి చేతులు దులుపుకుంటున్నాడు.

"పంచదార ఎన్ని చెంచాలో చెప్పండి," అంది కప్పు పట్టుకుని, "మీ పేరు కూడా."