మైకులో సగం మాట

"కంప్యూటర్ తెరుచుకుంటలేదు మేడమ్!" అంటూ ఆపరేటర్ పర్వేజ్ వార్డులోకి పరుగెత్తుకొచ్చాడు.

మంచం మీద సుల్తానాబీ కళ్ళు తెరిచింది. రక్తం పోయి పోయి ఆమె మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. ఆపరేషన్ ఇవాళే చేయాలి. చేయాలంటే రక్తం ఎక్కించాలి. ఆమెది ఎక్కడోగానీ దొరకని ఓ నెగెటివ్. ఆ రక్తం ఇచ్చేవాళ్ళ పేర్లూ ఫోన్ నంబర్లూ అన్నీ ఆ సర్కారు దవాఖాన కంప్యూటర్లోకి ఎక్కించి ఏడాదైనా కాలేదు.

"ఏమైంది దానికి?" అంది డాక్టర్ సుమన.

"ఏదో వైరస్ మేడమ్. ఫైళ్ళన్నిటికి ఎవడో తాళమేసిండు. డాలర్లు పంపితేనే తీస్తడంట. ఎర్రగ రాసిపెట్టిండు."

"గిదేం దొంగతనం బేటా?" నీరసంలోనూ సుల్తానాబీ నోరు ఊరుకోలేదు. "దొంగలు పెట్టె ఎత్తుకపోతరు గని, మన పెట్టెకు వాళ్ళ తాళమేసి పోతరా?"

డాక్టరుకు నవ్వు రాలేదు. "కర్నూలు నుంచి తెప్పించేదాకా ఆగలేం. మీ తోడబుట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారా అమ్మా?"

"ఒక్కడే అన్న, షంషుద్దీన్. మా ఇద్దరిది ఒకటే గ్రూపు. గీ దవాఖాన ఎనక మసీదు గల్లీలనే ఉంటడు." ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది. "గని రాడు. మా బిడ్డ ఉజ్మా పెండ్లి దావత్ల మాటా మాటా అనుకున్నం. 'నువ్వు సస్తే మయ్యత్‌కే వస్త, అప్పటిదాంక నీ మొకం సూడ' అని ఒట్టేసిండు. ఒట్టు తప్పే మనిషి కాదు."

పర్వేజ్ అయినా పోయాడు. వెళ్ళినంత వేగంగానే మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"నీ పేరెత్తంగనే తలుపుకు గడియ పెట్టిండు ఖాలా."

"కంప్యూటర్‌కొక తాళం, మా భాయ్‌కొక తాళం." సుల్తానాబీ కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. చావుకంటే ఆ గడియే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

"పరేషాన్ గాకు. రక్తం గావాలని మసీదు మైకుల చెప్పొస్త. ఎవరన్న వస్తరు," అని పర్వేజ్ మళ్ళీ పరుగు తీశాడు.

కాసేపటికి మైకు గరగరమంది. నమాజు వేళ కాదు. వేళకాని వేళ ఆ మైకు పలికిందంటే గల్లీ అంతా చేతిలో పని వదిలేస్తుంది. ఎవరో పోయారన్నమాట.

"షంషుద్దీన్ చాచా చెల్లెలు, మానవపాడు సుల్తానాబీ, సర్కారు దవాఖానల..."

అంతే, మైకు మూగబోయింది. తన చావు కబురు తానే విన్నట్టయింది సుల్తానాబీకి. తలపైన ఫ్యాను కూడా ఆగిపోయి ఉంది. ఆ ఊళ్ళో కరెంటుకు వేళాపాళా ఎప్పుడూ లేదు.

ఇంతలో వరండాలో గోల. కాళ్ళకు చెప్పుల్లేకుండా, గుండెలు బాదుకుంటూ షంషుద్దీన్ వచ్చాడు. వెనకాల గల్లీ అంతా వచ్చింది.

"సుల్తానా! ఆఖరికి నీతోని మాట సుత మాట్లాడకపోతి గదనే!" అని ఆమె కాళ్ళ మీద పడ్డాడు.

"ఇప్పుడు మాట్లాడు భాయ్," అంది సుల్తానాబీ.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. "బతికే ఉన్నవా?"

"నువ్వు రక్తమిస్తే ఉంట."

షంషుద్దీన్ చొక్కా చేయి పైకి మడిచాడు.

"మరి నీ ఒట్టు?" అంది ఆమె.

"నేనేం తప్పలే. మయ్యత్‌కనే వచ్చిన. నువ్వు సావకపోతే నాదేం తప్పు?" అంటూ ఏడుస్తూనే నవ్వాడు.

మర్నాడు ఆయన చెల్లెలికి చాయ్ తెద్దామని బయటికి పోయిన సందు చూసుకుని పర్వేజ్ వచ్చాడు.

"కంప్యూటర్ తాళం తీసిండ్రా బేటా?"

"ఇంకా లేదు ఖాలా. హైదరాబాద్ నుంచి మనిషి రావాల."

"గని నిన్న కరెంటును అల్లానే తీసిండు. రక్తం గావాలని నువ్వు మొత్తం చెప్పినంక పోయుంటే మా భాయ్ వస్తుండెనా?"

పర్వేజ్ ఒకసారి వెనక్కి చూసుకుని, ఆమె చెవి దగ్గరికి వంగాడు.

"కరెంటుతోని ఏం పని ఖాలా? ఆ మైకు బ్యాటరీ మీద నడుస్తది."