ఆ బ్రష్షు ఏ జంతువుది?

"కదలొద్దు ఆర్షియా, ఇంగో రెండు పాయలే," అంది చందన, పెళ్లికూతురి జుట్టు మీద బ్రష్షు ఆడిస్తూ.

నంద్యాల నుంచి బయల్దేరిన పెళ్లికొడుకు వాళ్ల కార్లు శిరివెళ్ల దాటాయని అప్పుడే ఫోనొచ్చింది. ఆళ్లగడ్డలో ఆ ఇల్లంతా ఒకటే హడావిడి. అంతకు రెట్టింపు హడావిడి చందన గుండెలో. నంద్యాలలో బ్యూటీపార్లర్ పెట్టాక ఆమెకిదే మొదటి పెళ్లి బేరం. మంచిపేరొస్తే ఈ ఊరి పెళ్లిళ్లన్నీ తనవే. చెడ్డపేరొస్తే పార్లర్‌కు తాళమే.

"జుట్టు ఎంత మెరుస్తాందో చూడవ్వా," అంది పక్కనే కూర్చున్న ఆర్షియా అవ్వ మాబూబీతో. "ఇది మామూలు బ్రష్షు గాదు. జంతువు ఎంటికలతో చేసింది. కుదుళ్లలో నూనెను కొసదాకా తీస్కపోతాది. పసిబిడ్డను చూసినట్ల చూస్కుంటా దీన్ని. కట్టె పిడి తడవకుండా ఎంటికలు మాత్రం షాంపూ నీళ్లతో కడిగి, బోర్లించి నీడన ఆరబెడతా. మా ఆయన్ని గూడా ముట్టనియ్యను."

"బాగుంది. ఏ జంతువుది?"

చందన చెయ్యి ఆగిపోయింది. అమ్మినవాడు ఏం చెప్పి అమ్మాడో అప్పుడు గుర్తొచ్చింది. మేకదంటే సరిపోయేది, ఎవరు చూడొచ్చారు గనక? ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ నమ్మకంగా తల అప్పగించి కూర్చున్న ఆ పిల్లను చూస్తే నోరు పెగల్లేదు.

"పందిదవ్వా. అడవిపంది. మీ ఇంటికి తేగూడదని తోచనేలేదు నాకు. తప్పయిపోయింది."

గదిలోని ఆడవాళ్లంతా బ్రష్షు వైపు తిరిగారు. ఆర్షియా తల్లి మెహజబీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏందట్ల చూస్తాండారు?" అంటూ లేచింది మాబూబీ. "తెలీక జరిగింది. పిల్లకు తలకు పొయ్యండి, బేగా." చందన వైపు తిరిగింది. "పాపా, ఇంటెనక ఎండాకులు తగలబెట్టినారు. ఆ బ్రష్షు తీస్కపోయి మంటలో ఎయ్యి. చేతులు కడుక్కోని రా, కట్టె దువ్వెనిస్తా."

"నన్ను పొమ్మనవా అవ్వా?"

"అబద్ధం చెప్పింటే పొమ్మనింటా. రేపు వలీమా విందుకు గూడా నువ్వే రావల్ల."

చందనకు ప్రాణం లేచొచ్చింది. ఒక్క పరుగున పెరట్లోకి వెళ్లింది. ఇన్నాళ్లూ అంత అపురూపంగా చూసుకున్న బ్రష్షును కళ్లు మూసుకుని మంటలోకి విసిరింది. ఎంతైనా బాధే, కానీ ఆ బాధ కంటే గండం గట్టెక్కిన సంబరమే ఎక్కువగా ఉంది.

కట్టె పిడి ఇంకా అంటుకోలేదు. ముందు వెంట్రుకలకే మంట తగిలింది. జుట్టు కాలిన వాసన వస్తుందని చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

వచ్చింది ప్లాస్టిక్ కంపు.