జీతం లేని చదువు

"ఒక్కటేనా?" అంది డీటీపీ ఆవిడ. "మేనేజరుగారే పన్నెండు చదివారట, అన్నయ్యగారూ!"

ఏడాది ఆఖరి రోజున ఆ ప్రెస్సులో అదో ఆనవాయితీ. జీతం కోసం కాకుండా, సొంతానికి ఎవరెన్ని పుస్తకాలు చదివారో టీ తాగుతూ చెప్పుకోవాలి. ముప్ఫై ఏళ్లుగా అక్కడ ప్రూఫులు దిద్దుతున్న పెద్దాయన ఎప్పుడూ అందరికన్నా ముందుండేవాడు. ఈసారి అందరికన్నా వెనకబడ్డాడు.

"ఒకటే. అదీ అచ్చుకు నోచుకోని చేతిరాత," అన్నాడు కటువుగా. "రోజుకో పేజీ. అంతకన్నా మింగుడు పడదు."

"ఎవరు రాశారేంటి?" అడిగాడు బైండరు.

"ఎవరో ఇల్లాలు. పనీపాటా లేక."

"కథేంటండీ?"

"కథా లేదు, కాకరకాయా లేదు. మొగుడి మీద ఏడుపు. వాడు అన్నం దగ్గర నోరు విప్పడట. నలుగురిలో ఆవిడ మాట పట్టుకుని వెక్కిరిస్తాడట. జ్వరమొచ్చి పడుకుంటే, పక్కింటావిణ్ణి చూసి నేర్చుకోమన్నాడట. మూడొందల పైచిలుకు పేజీల్లో వాడికి ఒక్క మంచి గుణం లేదు. పగబట్టి రాసినా ఇంత పక్షపాతం ఉండదయ్యా!"

నిజంగానే ఆయనకు ఆ పుస్తకమంటే ఒళ్లు మంట. మొదటి నెలలోనే పొయ్యిలో పెట్టాలనుకున్నాడు. కానీ సాయంత్రమయ్యేసరికి కాళ్లు దాని దగ్గరికే లాక్కుపోయేవి. పైగా అడుగడుగునా రాతతప్పులు. తప్పు కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. పెన్సిలుతో సున్నా చుట్టి, మళ్లీ రబ్బరుతో తుడిచేసేవాడు. విచిత్రమేమిటంటే, ఎండలు ముదిరేనాటికి ఆ తప్పులు వాటంతటవే తగ్గిపోయాయి. రాయగా రాయగా అదే వస్తుందిలే అనుకున్నాడు.

డీటీపీ ఆవిడకు మాత్రం ఆ ఇల్లాలి మీద జాలేసింది. "ఇంతకీ ఆవిడ వాణ్ణి వదిలేసి పోతుందా, పడి ఉంటుందా?"

"ఎక్కడికి పోతుందమ్మా? ఏడాది పొడుగునా పోతాను పోతాను అనడమే. అది పోయే ముఖమేనా! ఇంకొక్క పేజీ ఉంది. ఇవాళ్టితో పీడా విరగడవుతుంది. గడప దాటిందంటే నా చెవి కోయించుకుంటాను."

"నాకైతే దాటాలనే ఉందండీ. పాపం."

"పాపమట, పాపం! మీలాంటి వాళ్లే ఇలాంటి రాతలకు అలుసిచ్చేది." గ్లాసు ఠక్కున బల్ల మీద పెట్టి లేచాడు. వెనక నుంచి బైండరు నవ్వడం వినబడింది.

ఇంటికొచ్చేసరికి ఎవరూ లేరు. కాళ్లు కూడా కడుక్కోకుండా ఆ చివరి పేజీ తీశాడు.

నిండా పది వాక్యాలు లేవు. చెల్లెలి ఊళ్లో, బడిలో ఉద్యోగం దొరికిందట. రేపు పొద్దున ఆరింటి బస్సుకు వెళ్లిపోతుందట. మొగుడికి చెప్పలేదట. చెప్పాల్సిందంతా ఏడాదిగా చెబుతూనే ఉందట, వాడికే పట్టలేదట.

మళ్లీ మొదటి నుంచి చదివాడు. ఒక్క అక్షరం తప్పు లేదు. అది చూసేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇదేం ముగింపు? తిట్టింది లేదు, కొట్టింది లేదు, ఉన్నట్టుండి బస్సెక్కడమేమిటి? మొగుడన్నాక ఆ మాత్రం అనడా?

పెన్సిలు తీసి, కాగితం చిరుగుతుందేమో అన్నంత గట్టిగా పక్కన రాశాడు: "కారణం చాలదు."

అంతలో వీధి గేటు చప్పుడవడంతో, ఆయన ఆ డైరీని గబుక్కున మూసి, బీరువాలో భార్య చీరల అడుగున ఎక్కడిదక్కడే పెట్టేశాడు.