గ్లాసు దగ్గర కుదుపు

"అందరూ గతుకుల దారిలో బండెక్కినట్టు ఊగుతున్నారు. కొత్త టీవీ అని పేరే గానీ, పోయిన మనిషిని స్థిమితంగా చూసుకోనివ్వదు," అంది పెద్దావిడ.

టీవీ మెకానిక్ నవ్వాడు. "టీవీ మంచిదేనమ్మా. మీ వీడియోలో సెకనుకు ఇరవై అయిదు బొమ్మలున్నాయి. ఇదేమో అరవైసార్లు మారుస్తోంది. రెండింటికీ పొత్తు కుదరట్లేదు. దీన్ని యాభైకి దించుతాను, ఒక్కో బొమ్మకి సరిగ్గా రెండుసార్లు, సరిపోతుంది."

దించాడు. మనవరాలి పుట్టినరోజు వీడియో మళ్ళీ మొదలైంది. పిల్లలు ఎక్కడా తడబడకుండా పరుగెత్తారు. ఆవిడ భర్త, ఆ మరుసటి ఏడే పోయినాయన, నీళ్ళ గ్లాసు పట్టుకుని నడిచి వచ్చాడు.

"ఇంకా కొంచెం కుదుపు మిగిలింది బాబూ. ఆ గ్లాసు దగ్గర."

అతను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాడు. గొంతు తగ్గించాడు.

"అది టీవీది కాదమ్మా. అయ్యగారి చెయ్యే వణుకుతోంది."

ఆవిడ కుర్చీ అంచు మీదికి జరిగింది. ఆ ఏడాదంతా ఆయన చొక్కా గుండీలు ఆవిడ చేతే పెట్టించుకున్నాడు. "ఈ వయసులో గారాలేమిటి" అని ఆవిడ రోజూ విసుక్కునేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

"మళ్ళీ పాతలాగే పెట్టెయ్యనా అమ్మా?"

"వద్దు, ఉండనీ నాయనా. అప్పుడెలాగూ చూడలేదు."